ఖాదర్ భాయ్ తాడు, నా నోరు

మా పెనుమూడి రేవులో ఎవరైనా నోటినిండా నీళ్లు పోసుకొని, బుగ్గలు పూరించుకొని, చేతిలో సన్న తాడు పట్టుకొని నిలబడ్డారంటే, కృష్ణానది అడుగున ఖాదర్ భాయ్ ఉన్నాడని అర్థం. కొత్తవాళ్లు చూసి నవ్వుతారు. నవ్వనివ్వండి. ఆ నీళ్లు ఎందుకో తెలిసినవాళ్లు మాత్రం నవ్వరు. ఈ అలవాటు పుట్టడానికి కారణం మరెవరో కాదు, ఈ నాలుగు ముక్కలు రాస్తున్న నేనే.

నా పేరు పుష్పలత. ముప్పై రెండేళ్లు డ్రిల్లు టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. నాకు మైకు అక్కర్లేదు. గ్రౌండుకు ఈ చివర నిలబడి 'అటెన్షన్' అంటే ఆ చివర గడ్డి మేస్తున్న గేదె కూడా తల ఎత్తేది. కోపం కూడా గొంతుకు తగ్గట్టే ఉంటుంది. మా ఆయన సూర్యనారాయణ గారు నాతో ఏనాడూ వాదనకు దిగలేదు, బతకనేర్చిన మనిషి. ఇదంతా గొప్ప కోసం చెప్పడం లేదు. ఖాదర్ సంగతి చెప్పాలంటే నా గొంతు సంగతి ముందు చెప్పక తప్పదు.

అబ్దుల్ ఖాదర్ పుట్టింది తెనాలిలో. వాళ్ల నాన్న మార్కెట్లో గోతాలు కుట్టేవాడు. ఇంటినిండా పురికొస, దబ్బనాలు, చిరిగిన గోనెసంచులు. అక్షరాలు రాకముందే ఆయనకు ముడులు వచ్చాయి. ఊరి మధ్యలోంచి మూడు కాలవలు పోతుంటే ఈత రాకుండా పెరగడం ఎలాగూ కుదరదు. ఈ రెండు విద్యలూ కలిస్తే ఏమవుతుందో ఆయన పెళ్లయ్యాక తెలిసింది. రేపల్లె పిల్ల ఇమాం బీని చేసుకొని, అత్తవారి ఇంటికి వచ్చి, ఓ సాయంత్రం పెనుమూడి దాకా షికారుకు వచ్చి కృష్ణను చూశాడు. అప్పుడే ఎవరిదో నీళ్ల మోటారు పడవలోంచి జారి నదిలో పడిందట. కొత్త పెళ్లికొడుకు చొక్కా విప్పి పెళ్లాం చేతికిచ్చి దూకాడు. మోటారు పైకొచ్చింది. ఆయన ఇక తెనాలి వెళ్లలేదు.

అప్పటినుంచీ అదే పని. మునిగినవాటిని తీయడం. మోటార్లు, లంగర్లు, ఓ ఆటో, పెళ్లివారి వంట గుండిగ, పంచాయతీ వారి బోరు గొట్టాలు, ఒకసారి ఓ పెద్దాయన కట్టుడుపళ్లు. ఆ పళ్లు తీసిచ్చాక ఆయన అక్కడికక్కడే కడుక్కొని పెట్టుకొని, నవ్వి చూపించి మరీ వెళ్లాడు. ఖాదర్ ఒంటికి ఆక్సిజన్ సిలిండరు లేదు, గొట్టం లేదు. ఊపిరి బిగబట్టి నిమిషమున్నర ఉంటాడు. అందులో సగం వెళ్లిరావడానికే పోతుంది. మిగిలిన సగంలో, కళ్లకు మూరెడు దూరం కూడా కనపడని ఆ బురదనీళ్లలో, ముడి వేసి రావాలి.

"ముడి వెయ్యడంలో ఏముంది భాయ్, రోజూ వేసేదేగా" అని నేనే ఒకసారి అన్నాను.

"గట్టు మీద తాడు ఎక్కడ పెడితే అక్కడ ఉంటదండి. నీళ్లలో అట్టా ఉండదు. నైలాను తాడైతే పైకి తేలుద్ది, మనకి తెలీకుండా మణికట్టుకి చుట్టుకుంటది. కొబ్బరితాడైతే నాని ఉబ్బుద్ది, వేసిన ముడి మళ్లీ రాదు. రెండు చేతులూ ముడికే కావాలి. ఇక దేన్ని పట్టుకుని నిలబడతాం చెప్పండి. నది తోసేస్తానే ఉంటది."

అందుకే ఆయన ఇంట్లో రోజూ సాధన చేసేవాడు. గోతాం నిండా ఊక పోసి, కళ్లకు తువ్వాలు కట్టుకొని, రెండు చేతులూ ఊకలోకి దూర్చి, లోపల పడేసిన ఇనుప కడ్డీకి ముడి వేయడం, విప్పడం. ఊరికే ఉండలేక ఇంట్లో ప్రతిదానికీ ముడి పెట్టేవాడు. గేటుకు ముడి, పప్పుడబ్బాకు ముడి, దోమతెరకు ముడి. అన్నీ కొస లాగితే ఒక్కసారిగా ఊడిపోయే జారుముడులే. ఓ రోజు చుట్టాలొచ్చి కూర్చుంటే ఇమాం బీ దేన్నో పట్టి లాగిందట, కిటికీ తెర, దానికి కట్టిన చేటలు, చేటల వెనక దాచిన ఉల్లిపాయలు అన్నీ చుట్టాల మీద పడ్డాయి.

ఆయన నీళ్లలోకి దిగితే నడుముకు కట్టిన సన్న తాడు కొస ఇమాం బీ చేతిలో ఉంటుంది. అది ప్రాణం తాడు. సరుకును లాగేది వేరే, అది లావుపాటి మోకు, రేవులో మనుషుల చేతుల్లో ఉంటుంది. అప్పట్లో పద్ధతి ఏమిటంటే, ముడి పడగానే ఖాదర్ సన్న తాడును రెండుసార్లు గుంజుతాడు, ఇమాం బీ చెయ్యెత్తుతుంది, అప్పుడు మోకు లాగుతారు. ఈ పద్ధతిలో ఒక లోపం ఉంది. లాగేటప్పుడు ఖాదర్ ఇంకా కిందే ఉంటాడు. ఆ లోపం సంగతి నా మూలంగా బయటపడింది.

పద్నాలుగేళ్ల కిందటి మాట. ఇటుకల ట్రాక్టరు రేవులోకి వెనక్కి వచ్చి, ట్రక్కు ఊడి నీళ్లలోకి జారింది. మోకు పట్టడానికి పద్దెనిమిదిమంది వచ్చారు. నేను బడి నుంచి ఇంటికి పోతూ ఆగి చూశాను. ఖాదర్ దిగాడు. వీళ్లేమో ఒకడు బీడీ, ఒకడు కబుర్లు, ఒకడు మోకు భుజాన వేసుకొని ఆవలింతలు. నాకు ఒళ్లు మండింది. బాగుచెయ్యాలని బుద్ధి పుట్టడం నా జన్మలో ఉన్న జబ్బు. వెళ్లి అందర్నీ వరసలో నిలబెట్టాను. కాళ్లు ఎడంగా పెట్టించాను. "నేను పాట అందుకుంటాను, మీరు ఒక్క ఊపున లాగాలి, తెలిసిందా" అన్నాను. తలలూపారు. నేను ఊరుకోవచ్చుగా. గొంతు సరిచూసుకుంటున్నట్టు, ఉత్తినే, "హైలెస్సా" అన్నాను.

ఆ మాట చెవిన పడితే మా వైపు మనుషుల చేతులు ఇక ఆగవు. పుట్టినప్పటినుంచీ పడవలు లాగినవాళ్లు. మెదడుకు తెలిసేలోపే పద్దెనిమిది జతల చేతులు మోకును గుంజాయి. ఇమాం బీ చెయ్యి ఎత్తనే లేదు.

ఒక్క క్షణం మోకు బిగిసింది. ఆ వెంటనే తెగింది. పద్దెనిమిదిమందీ వెల్లకిలా మెట్ల మీద పడ్డారు. రేవంతా నవ్వు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ నాకు గుర్తే. ఎందుకంటే అప్పుడే ఖాదర్ తల పైకి తేలింది, ఎడమచేయి పైకెత్తి పట్టుకొని ఉన్నాడు, మోచేతి దాకా ఎర్రగా ఉంది. ట్రక్కు ఇనుపకొక్కేనికీ మోకుకూ మధ్య చిటికెనవేలు పడింది. చేతికి కట్టుకున్న కత్తితో ఆయనే మోకు కోసుకున్నాడు. పైన సగం వేలు కృష్ణలోనే ఉండిపోయింది.

తెనాలి ఆసుపత్రికి బత్తాయిలు పట్టుకొని వెళ్లాను. చుట్టూ ఉన్నవాళ్లు ఎవరు లాగారు, ఎవరు లాగమన్నారు అని గొడవ. ఖాదర్ మంచం మీద నవ్వుతూ, "ఎవరిదీ తప్పు కాదయ్యా. ముడి పడ్డాక బయటికి రావాల్సినవాణ్ని ఇంకొక్క చుట్టు వేద్దామని ఆగా. మనిషి ప్రాణం తీసేది ఆ ఇంకొక్క చుట్టే" అన్నాడు. నేను బత్తాయిలు బల్ల మీద పెట్టి వచ్చేశాను. ఇంత నోరున్న దాన్ని, ఒక్క వాక్యం చెప్పలేకపోయాను. ఆ రోజు నుంచి హైలెస్సా అన్న మాట మళ్లీ నా నోట రాలేదు.

ఆ తరువాత ఇమాం బీ కొత్త నియమాలు పెట్టింది. ఖాదర్ తల బయటికొచ్చి, రెండు పాదాలూ మెట్టు మీద పడేదాకా మోకు ఎవరూ ముట్టుకోకూడదు. ఉచ్చు గట్టు మీదే వేసి తీసుకెళ్లి కింద తగిలించాలి, వేళ్లు ఎప్పుడూ ఉచ్చుకు బయటే ఉండాలి. తాడు పట్టినవాళ్ల నోట్లో నీళ్లు ఉండాలి. "నోరు ఖాళీగా ఉంటే ఏదో ఒకటి వాగుద్ది. చేతిలో తాడు ఏం చెబుతుందో అప్పుడు వినపడదు" అన్నది ఆమె మాట. ఆమె నన్ను చూస్తూ అన్నదో లేదో నాకు తెలియదు, నేను నేల చూస్తున్నాను.

రెండేళ్ల కిందట బాపట్లలో వరద పనికి ఎంపికైన ఈతగాళ్లకు శిక్షణ పెట్టి ఖాదర్‌ను పిలిచారు. సభలో మాట్లాడటమంటే ఆయనకు భయం. తోడుగా, గొంతుగా నన్ను తీసుకెళ్లాడు. నల్లటి రబ్బరు దుస్తుల్లో కుర్రాళ్లు మెరిసిపోతున్నారు. ఖాదర్ వాళ్ల ముందు ఊకగోతాం పెట్టి, చేతులు దూర్చి ముడి వెయ్యమన్నాడు. ముప్పైమందిలో ఇరవై ఆరుగురు తమ వేళ్లనే కలిపి కట్టేసుకున్నారు. హాలంతా నవ్వులు. "మీ వేలెట్టా పోయింది బాబాయ్" అని ఒకడు అడిగితే, "ఇంకొక్క చుట్టు" అన్నాడు ఖాదర్. పక్కనే నిలబడి ఆ మాటను మైకు లేకుండా హాలు మొత్తానికీ వినిపించాను. నాకు ఎలా ఉండి ఉంటుందో మీరే ఊహించుకోండి.

సరే, నిరుడు వానాకాలంలో ఇమాం బీ వాకిట్లో పాచి మీద జారి కుడిచేతి మణికట్టు విరగ్గొట్టుకుంది. లోపల ప్లేటు వేశారు. తాడు పట్టడం ఇక లేదు అన్నారు డాక్టరు గారు. ఖాదర్ వేరేవాళ్లను చూశాడు. మేనల్లుడు వాజిద్ దాహమేసి నీళ్లు మింగేశాడు. రఘురామ్ అని పక్కింటాయన ఎవరో తుమ్మితే నవ్వొచ్చి మొత్తం ఊసేశాడు. మూడో ఆయన చెయ్యి తాడు మీద ఉంది గానీ చూపు సెల్లు మీద ఉంది. ఖాదర్ ఎవర్నీ ఒక్క మాట అనలేదు. "ఇక చాల్లెండి, వయసైంది" అని ఇంట్లో కూర్చున్నాడు.

నీళ్లలో దిగని ఖాదర్‌ను చూస్తే నాకు ఏడుపొచ్చేది. మనిషి సగమైపోయాడు. ఊకగోతాం ముందు కూర్చుని వేయడం, విప్పడం, వేయడం, విప్పడం. అన్నం తినమంటే తినేవాడు, లేకపోతే లేదు. ఆయనకు నది తప్ప వేరే సరదా ఏదీ లేదు.

అలాంటప్పుడు అడవులదీవి నుంచి రిబ్కా వచ్చింది. పీతలు పట్టుకునే మనిషి, మొగుడితో సమానంగా పడవ నడుపుతుంది. మా రేవులో పడవ కట్టేస్తుంటే బోల్టు ఊడి కొత్త ఇంజను నీళ్లలో పడింది. ఖాదర్ ఇంటి గుమ్మం ముందు కూర్చుని కదలనంటుంది. ఖాదర్ కుదరదంటాడు.

ఆ సాయంత్రం ఇమాం బీ మెడకు వేలాడేసిన చేత్తో మా వంటింట్లోకి వచ్చింది.

"టీచరమ్మా, ఒక మాట అడుగుతా, తిట్టకూడదు. రిబ్కా ఇంజనుకి తాడు మీరు పట్టాలి."

గరిటెతోనే ఆమె వైపు తిరిగాను. "ఇమాం బీ, నీకో సంగతి చెప్పాలి. ఆ రోజు మొదట హైలెస్సా అన్నది..."

"మీరే."

"నీకు తెలుసా?"

"పక్కనే ఉన్నాగా. చెవి దిమ్మెత్తిపోయింది."

"మరి ఖాదర్‌కి?"

"తెలీకేం. కింద ఏమీ కనపళ్లేదు గానీ మీ గొంతు మాత్రం వినపడిందంట. వినపడగానే చెయ్యి వెనక్కి తీసుకోబోయాడు, అందుకే వేలితో పోయింది. లేకపోతే చెయ్యి మొత్తం పోయేదని చెప్పి చెప్పి నవ్వుతాడు."

"ఇన్నేళ్లూ నాతో ఒక్క మాట అనలేదేంటి మీరు?"

"మీరే చెబుతారని చూశాం" అంది ఇమాం బీ, ఎడమచేత్తో స్టవ్వు మంట తగ్గిస్తూ. కూర మాడుతోంది.

నేను ఏడ్చాను. అరవై ఏడేళ్ల దాన్ని, గరిటె పట్టుకొని, వెక్కి వెక్కి ఏడ్చాను. ఆమె కూర దింపి, మూత పెట్టింది. తరువాత కళ్లు తుడుచుకొని నేనే ఖాదర్ దగ్గరికి నడిచాను.

"ఊళ్లో ఇంతమంది ఉండగా నేనెందుకు భాయ్?" అన్నాను.

"మోకు ముందుగా లాగితే కింద ఏమవుద్దో మిగతావాళ్లకి చెప్తే వింటారండి, అంతే. మీకు తెలుసు" అన్నాడు.

మూడు రోజులు మా వాకిట్లోనే శిక్షణ. నోట్లో నీళ్లు, చేతిలో తాడు, గోడకు అవతల ఖాదర్. ఒక గుంజు గుంజితే తాడు వదలాలి. రెండు గుంజితే పైకి వస్తున్నట్టు, వదులు లాక్కోవాలి. ఆపకుండా గుంజితే ప్రాణం మీదికి వచ్చినట్టు, ఉన్న బలమంతా పెట్టి లాగాలి. మొదటిరోజు నాలుగుసార్లు మింగాను. మా ఆయన అరుగు మీద కూర్చుని పేపరు చదువుతూ, "ఇమాం బీ, ఈ ట్రైనింగు ఒక నెల పెట్టించకూడదా అమ్మా. ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో" అన్నారు. నా నోట్లో నీళ్లుండి బతికిపోయారు.

నాలుగో రోజు పొద్దున సముద్రం నుంచి ఎక్కే పోటు ఆగి, ఆటు మొదలుకాకముందు, నది కదలకుండా నిలబడిన వేళ ఖాదర్ దిగాడు. చేతికి కత్తి, భుజాన గట్టు మీదే వేసి పెట్టుకున్న ఉచ్చు. దిగేముందు నన్ను చూసి తల ఊపాడు. ఆ ముఖం మీద వెలుగు ఎన్ని నెలల తరువాత చూశానో. పడవలు కట్టే రేవు గుంజకు ఒక చుట్టు తిప్పిన మోకు దగ్గర రిబ్కా, ఆమె మనుషులు, మా వార్డు మెంబరు అజయ్ బాబు. ఇమాం బీ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది.

తాడు నా వేళ్ల మధ్య నుంచి కిందికి పోయింది. ఆగింది. మనసులో లెక్క పెట్టుకుంటున్నాను. ఇరవై. ముప్పై. ఒక గుంజు వచ్చింది, కొంచెం వదిలాను. యాభై. అరవై. తాడు ఊరుకుంది. నా గుండె చప్పుడు నా బుగ్గల్లో నీళ్లకు తగులుతోంది.

"ఏంటి టీచరు గారూ, అలికిడి లేదు. ఇరుక్కున్నాడేమో" అన్నాడు అజయ్ బాబు. మంచివాడే, భయపడ్డాడు. నేను తల అడ్డంగా ఊపాను. అతను చూడలేదు. "పట్టుకోండయ్యా, కాస్త లాగి చూద్దాం" అని వంగి మోకు అందుకున్నాడు. వెనక రిబ్కా మనుషులు కూడా అందుకున్నారు. "హై..." అన్నాడు.

నా గొంతులోకి పెద్ద కేక వచ్చింది. నోట్లో నీళ్లు దాన్ని ఆపాయి. అరిస్తే అందరూ ఉలిక్కిపడి గుంజేవారే. తాడు పట్టిన చెయ్యి కదలనివ్వకుండా, గుంజకూ వాళ్లకూ మధ్య ఉన్న మోకు మీద ఎకాఎకిన కూర్చున్నాను. నేను ఎనభై రెండు కిలోలు. మోకు మెట్టుకు అతుక్కుపోయింది. వాళ్లు లాగారు, అది రాలేదు. తిరిగి చూసేసరికి బుగ్గలు ఉబ్బించుకొని గుడ్లురుముతూ నేను. అజయ్ బాబు మోకు వదిలేసి రెండు చేతులూ పైకెత్తాడు.

డెబ్బై ఒకటి. డెబ్బై రెండు. నా వేళ్లకు తగిలింది. ఒకటి. రెండు.

వదులు లాక్కున్నాను, మెల్లగా, జానెడు జానెడు. నీళ్లు చీలి ఖాదర్ తల వచ్చింది. ఊపిరి పీల్చిన శబ్దం రేవంతా వినిపించింది. ఈదుకుంటూ వచ్చి, ఒక పాదం మెట్టు మీద పెట్టాడు, రెండోది పెట్టాడు. కూర్చుని నన్ను చూశాడు. మోకు మీద చతికిలపడి, కళ్లలోంచి ధారగా నీళ్లు, నోట్లో నీళ్లు అలాగే, నేను. ఆయన రెండు చేతులూ నా ముఖం ముందు చాపి వేళ్లు విప్పాడు.

"తొమ్మిదిన్నర. లెక్క చూసుకోండి."

తల ఊపాను. మూడుసార్లు ఊపాను.

"కొక్కెం బురదలో ఉంది, తవ్వేసరికి ఆలస్యమైంది. ఉచ్చు తగిలించా. ఇంకొక్క చుట్టు వెయ్యలేదు" అన్నాడు. తరువాత మోకు వైపు చూపించాడు. "ఇక లేవండి. నీళ్లు ఊసెయ్యండి."

ఊసేశాను. లేచి నిలబడ్డాను.

"అందుకోండి టీచరమ్మా" అన్నాడు ఖాదర్. "నేను పైనే ఉన్నాగా. ఇప్పుడు అరవండి."

ఇమాం బీ కుర్చీలోంచి నన్నే చూస్తోంది. రిబ్కా మోకు పట్టుకొని కాళ్లు ఎడంగా పెట్టి ఎదురుచూస్తోంది. నేను గుండెలనిండా గాలి తీసుకొని, పద్నాలుగేళ్లుగా నోట్లో ఉండిపోయిన ఆ మాటను బయటికి వదిలాను. హైలెస్సా. అందరూ ఒక్క ఊపున లాగారు. మళ్లీ అన్నాను. మళ్లీ లాగారు. నాలుగో హైలెస్సాకు బురద కారుతూ ఇంజను నీళ్లలోంచి లేచింది. రిబ్కా దాన్ని కావలించుకుంది. నేను ఆపలేదు. ఇంజను మెట్టెక్కాక కూడా అంటూనే ఉన్నాను. వంతెన మీద పోతున్న రేపల్లె బస్సు ఆగింది, కిటికీల్లోంచి జనం తలలు బయటపెట్టి చూశారు.

"ఎవరన్నా ఆవిడకి మళ్లీ కాసిని నీళ్లు ఇవ్వండయ్యా" అంది ఇమాం బీ, బాగున్న చేత్తో ఒక చెవి మూసుకొని.